కాఫీలో మందు కలిపినవాడు మనవాడైతే

ఒడిశాలోని పర్లాకిమిడిలో కోర్టు ఎదురుగా నాకు చిన్న జెరాక్స్ షాపు ఉంది. పద్దెనిమిదేళ్లుగా ఒడియాలో అర్జీలు, ఇంగ్లిష్‌లో అఫిడవిట్లు టైపు చేస్తున్నాను. మాటలు మాత్రం అందరివీ తెలుగులోనే. నాలుగు నెలల క్రితం ఒక కుర్ర ప్లీడరు విశాఖలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న ‘ది రన్‌అవే జ్యూరీ’ తెచ్చి నా బల్ల మీద మరిచిపోయాడు. అతను మళ్లీ వచ్చేసరికి వంద పేజీలు చదివేశాను. అక్కడి నుంచి ఆ పుస్తకం చేతులు మారుతూ వచ్చింది. ఇప్పటికి ఐదుగురం చదివాం. అందులో హీరో నికొలస్ చేసింది సరైనదేనా అని అడిగితే ముగ్గురు అవునంటారు, నేను కాదంటాను. ఐదో ఆయన సంగతి తర్వాత చెప్తాను. ముగింపు కూడా చెప్పేస్తున్నాను కాబట్టి, చదవాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి.

జాన్ గ్రిషమ్ ఈ నవల 1996లో రాశాడు. మిసిసిపీ రాష్ట్రంలో బిలాక్సీ అనే సముద్రపు ఊరు. సిగరెట్లు తాగి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయిన మనిషి భార్య సెలెస్ట్ వుడ్, పైనెక్స్ అనే కంపెనీ మీద దావా వేస్తుంది. తీర్పు చెప్పాల్సింది జ్యూరీ, అంటే ఊళ్లోంచి ఏరిన పన్నెండు మంది మామూలు మనుషులు. తొమ్మిది మంది ఒక మాట మీదికి వస్తే చాలు. పెద్ద సిగరెట్ కంపెనీలు నాలుగు కలిసి డబ్బు పోగేసి రాంకిన్ ఫిచ్ చేతిలో పెడతాయి. ఆ పన్నెండు మందినీ దారికి తేవడం వాడి పని. జ్యూరీలో ఉన్న ఒకామె భర్తని దొంగ లంచం కేసులో ఇరికిస్తాడు. ఒక కిరాణా స్టోరు మేనేజరుకి ప్రమోషన్ ఆశ చూపిస్తాడు.

వీళ్లందరినీ మించినవాడు ఆ జ్యూరీలోనే ఉంటాడు, నికొలస్ ఈస్టర్. అతనితో చేతులు కలిపిన మార్లీ అనే అమ్మాయి బయట నుంచి ఫిచ్‌తో బేరం పెడుతుంది, కోటి డాలర్లిస్తే కోరిన తీర్పు వస్తుందని. డబ్బు తీసుకుని కంపెనీని ఓడిస్తారు. సెలెస్ట్‌కి 20 లక్షల డాలర్లు, కంపెనీకి శిక్షగా మరో 40 కోట్ల డాలర్లు. మార్లీ తల్లిదండ్రులిద్దరూ సిగరెట్ వల్లే పోయారు. అదీ అసలు కారణం.

మా మేనకోడలు రెండు రాత్రుల్లో పూర్తి చేసింది. దానికి మార్లీ దేవత. 2003లో వచ్చిన సినిమా కూడా ఫోన్‌లో చూసి, సిగరెట్ కంపెనీని తీసేసి తుపాకుల కంపెనీని పెట్టారని కోప్పడింది. రిటైరైన ఇంగ్లిష్ మాస్టారు, "ముల్లుని ముల్లుతోనే తియ్యాలమ్మా, ఫిచ్ లాంటివాడి దగ్గర ధర్మం మాట్లాడితే ఏటవుద్ది?" అన్నారు. కుర్ర ప్లీడరుకి జ్యూరీని ఎంపిక చేసే మొదటి భాగం తెగ నచ్చింది. ఎవరు ఏ కారు నడుపుతారు, ఎవరు సిగరెట్ తాగుతారు అని ఫోటోలు గోడకి అంటించి లెక్కలు వెయ్యడం. అది నాకూ నచ్చింది.

పైనెక్స్ ఓడిపోవాలని వీళ్లందరికంటే నేనే ఎక్కువ కోరుకున్నాను. మా అమ్మమ్మది మెళియాపుట్టి. అడ్డపొగ తాగేది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లోకి పెట్టి పెదాలు మూసేసేది. చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. అలాగే చేటలో బియ్యం చెరిగేది, అలాగే నాకు జడ వేసేది, పళ్ల మధ్య నుంచి కథ చెప్పేది. "గాలికి ఆరదే, గంట సేపొస్తాది" అనేది. నేను ఏడో తరగతిలో ఉండగా అన్నం నోట్లో పెడితే మంటంటూ మజ్జిగ మీదే బతకడం మొదలుపెట్టింది. బరంపురంలో డాక్టరు టార్చి వేసి చూస్తూ నన్నూ వంగి చూడమన్నారు. అంగిలంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, దాని మీద ఎర్రటి చుక్కలు. వెనకాల పుండు. మరుసటి సంక్రాంతికి అమ్మమ్మ లేదు. సెలెస్ట్ వుడ్‌కి దావా వెయ్యడానికి ఒక కంపెనీ ఉంది. మా అమ్మమ్మ పొగాకు సంతలో కట్టల లెక్కన కొని తనే చుట్టుకునేది.

అందుకే ఆ తీర్పు చదివే పేజీ దగ్గర నాకు ఏడుపు రావాలి. రాలేదు. దానికి ముందున్న కాఫీ అడ్డొచ్చింది.

ఆ జ్యూరీకి పెద్ద హెర్మన్ గ్రైమ్స్. కళ్లు కనిపించవు. కేసు గురించి ముందే మాట్లాడుకోకూడదని జడ్జి చెప్తే, ఆ రూలు అందరి చేతా పాటించాలని చూసిన మనిషి. వాదనలు అయిపోయే వేళకి నికొలస్ ఆయన కాఫీలో మందు కలుపుతాడు. ఆయన పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్తారు. ఆ కుర్చీలోకి నికొలస్ వస్తాడు. ఫిచ్ మనుషులు ఇంత పనీ చేస్తే మనందరం ఛీ అనేవాళ్లం కాదా? ఒక గుడ్డి మనిషి తన కప్పులో ఏముందో చూడలేడని తెలిసి చేసిన పని అది.

నా షాపు ముందు ఒక చెక్క బెంచీ ఉంది. సాక్షులు పిలుపు వచ్చేదాకా అక్కడే కూర్చుంటారు. కొన్నేళ్ల క్రితం కొండ మీద ఊరి నుంచి ఒకాయన వచ్చాడు. కేసు సంగతి చెప్పను. ఎవరో ఒకతను వచ్చి పక్కన కూర్చుని ఆయనకి టీ తెప్పించాడు. మర్యాదగా, "తాగు బావా" అంటూ. ఆయన గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు. తువ్వాలు కొసకి ముడి వేస్తున్నాడు, విప్పుతున్నాడు. టీ మీద మీగడ కట్టింది. పిలుపు రాగానే గ్లాసు అలాగే బెంచీ మీద పెట్టి లోపలికెళ్లాడు. ఏమీ చూడలేదని చెప్పాడట. ఆ గ్లాసు కడిగింది నేనే. ఇప్పటికీ ఆ టీకి డబ్బులిచ్చినవాడు ఏ పక్షమో నాకు తెలియదు, అడగలేదు కూడా. న్యాయం ఉన్న పక్షమే అయ్యుంటే ఆయన ముడి వెయ్యడం మానేసేవాడా?

ఇదే మాట మా సీనియర్ ప్లీడరు గారితో అన్నాను. ఐదో పాఠకుడు ఆయనే. ఆయన నవలని వదిలేసి నానావతి కేసులోకి వెళ్లిపోయారు. 1959లో బొంబాయిలో నేవీ ఆఫీసరు భార్య ప్రియుణ్ణి కాల్చి చంపితే, తొమ్మిది మంది జ్యూరీలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు. జడ్జి ఒప్పుకోక హైకోర్టుకి పంపితే అక్కడ శిక్ష పడింది. "వాళ్లకి ఎవరూ టీ ఇవ్వలేదమ్మా, పత్రికలే పోశాయి" అన్నారు. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటే లేకుండా పోయింది. అది మంచికే జరిగిందని ఆయన నమ్మకం. నాకు అంత నమ్మకం లేదు. జ్యూరీ పోయినా నా షాపు బెంచీ మీద సాక్షి ఒక్కడు మిగిలాడు కదా. అలా అంటే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "నికొలస్ తప్పు చేశాడు, కానీ కంపెనీ ఓడిపోవడం తప్పు కాదు" అన్నారు. ఈ రెండూ పక్కపక్కన ఎలా పెట్టుకోవాలో ఆయనా చెప్పలేదు.

నాకు మిగిలిన బాధ సెలెస్ట్ గురించి. ఆమె మొగుడి ఊపిరితిత్తుల గురించి డాక్టర్లు రోజుల తరబడి చెప్పారు. అది విని పన్నెండు మందీ గెలిపించి ఉంటే ఆ గెలుపు ఆమెది. ఇప్పుడది మార్లీది.

పుస్తకం ప్రస్తుతం మాస్టారి భార్య దగ్గరుంది. రాత్రి పదింటికి ఫోన్ చేశారు. కాఫీ దగ్గరికొచ్చారట.

"ఆ గుడ్డాయన బతుకుతాడా అమ్మా? అది చెప్పు, లేకపోతే నిద్ర పట్టదు నాకు."

బతుకుతాడు పిన్నిగారూ, అన్నాను.