మావాడి పేరుకి స్వరం లేదట

నైజీరియాలోని లాగోస్ వచ్చి ఆరేళ్లయినా నా చెవికి ఇక్కడి యోరుబా భాష లొంగలేదు. మొదట్లో ఒకసారి "బండి ఇంకా రాలేదు" అనబోయి "మొగుడు ఇంకా రాలేదు" అన్నాను. రెండూ "ఒకో"నే. చివర గొంతు దించితే బండి, సమంగా పలికితే మొగుడు, పైకి లేపితే మట్టి తవ్వే పార. గేటు దగ్గర కాపలా అతను నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

మా తొమ్మిదేళ్లవాడికి ఆ బాధ లేదు. వాడిప్పుడు దుందున్ నేర్చుకుంటున్నాడు. నడుము సన్నటి డోలు. చంకలో పెట్టుకుని తోలు తాళ్లు నొక్కితే శ్రుతి పెరుగుతుంది, వదిలితే దిగుతుంది. వీడియో కాల్‌లో చూసి మా అమ్మ, "బుడబుక్కలవాడి చేతిలోదే, కాస్త పెద్దదిగా ఉంది" అంది.

మనం మృదంగం దెబ్బకి నోటితో తకధిమి అని పేరు పెడతాం. ఇక్కడ నోటి మాటనే డోలు పలుకుతుంది. యోరుబాలో కింద, మధ్య, పైన అని మూడు స్వరాలు. డోలుకి హల్లులు రావు, ఆ ఎత్తుపల్లాలే వస్తాయి. ఒంటి మాటైతే ఎవరికీ అర్థం కాదు గనక సామెతలు, వంశాన్ని పొగిడే ఒరికీలు, అలా అందరికీ తెలిసిన వాక్యాలు వాయిస్తారు. పెద్ద డోలుని "ఇయాలు" అంటారు, అంటే తల్లి డోలు. పెళ్లిలో అది ఎవరి ముందు ఆగి పేరు పలికితే వాళ్లు లేచి ఆడాల్సిందే, వాయించేవాడి నుదుట నోటు అంటించాల్సిందే. (2007 నాటి చట్టం ప్రకారం నోట్లు అలా చల్లడం నేరం. పెళ్లిలో అదెవరికి గుర్తుంటుంది!)

లాగోస్‌లోనే 1935లో పుట్టిన స్వరకర్త అకిన్ యూబా దుందున్ మీద పరిశోధన చేసి 1990లో పెద్ద పుస్తకం తెచ్చారు. నాకు అలాంటి చదువే దిక్కు. మావాడికి బాబా ఉన్నారు.

బాబా అంటే వాడి గురువు. ఈ డోలు వంశాల వాళ్ల పేర్లు "అయాన్"తో మొదలవుతాయి, ఆయనదీ అంతే. ఆయన కనబడగానే మావాడు ఇక్కడి మగపిల్లల్లాగే నేలమీద బోర్లా పడి దండం పెడతాడు. రాజమండ్రిలో తాతయ్య కాళ్లకి దండం పెట్టరా అంటే నడుం కాస్త వంచి సరిపెట్టినవాడు! నాకు కుళ్లుగానే ఉంది.

మొన్న బాబా వాడి పేరు వాయిద్దామని, "కార్తికేయ" ఏ స్వరాల్లో పలకాలని అడిగారు. మా భాషలో పేర్లకి స్వరాలుండవని చెప్పాను. ఆయన నమ్మలేదు.

"ఇంట్లో అన్నానికి ఎలా పిలుస్తావో అలా పిలువమ్మా" అన్నారు.

సిగ్గుపడుతూనే, "కార్తీ... రారా అన్నానికీ!" అని అరిచాను. ఆయన కళ్లు మూసుకుని విని, తాళ్లు నొక్కి అదే వాయించారు.

పక్క గదిలోంచి వినిపించింది: "ఐదు నిమిషాలమ్మా!"