ఆ గడిలో ఎవరి పేరు

పరాయి దేశంలో ఉద్యోగంలో చేరిన రోజున నా చేత నింపించిన కాగితాల్లో ఒక గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. అత్యవసరమైతే ఎవరికి కబురు చెయ్యాలన్నది అక్కడి ప్రశ్న; ఆ దేశంలోనే ఉండే మనిషి పేరు రాయాలన్నారు. అప్పటికి నాకు తెలిసినవాడల్లా ముందు రోజు రాత్రి పరిచయమైన రూమ్మేట్ ఒక్కడే. ఫోన్ చేసి అడిగితే, "నా పేరు రాసెయ్యి తమ్ముడూ, దానికి అడగాలా?" అన్నాడు. మా స్నేహం ముందు కాగితం మీదికి ఎక్కి, ఆ తరవాతే మనసులోకి వచ్చింది.

అది వెంటనే రాలేదు. కన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ కొత్త చోటికి మారినవారిని, కొత్తగా కళాశాలలో చేరినవారిని పరిశీలించి, పరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, దగ్గరి స్నేహం కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలని 2018లో అంచనా కట్టారు. కలిసి పనిచేసిన గంటలు ఈ విషయంలో అంతగా లెక్కకు రావని కూడా ఆయన గమనించారు. ఇది చదివినప్పుడు నాకు మా గది గుర్తుకొచ్చింది. అతనిది రాత్రి షిఫ్టు, నాది పగలు. నేను వచ్చాక అతను బయలుదేరేలోపు మాకు దొరికేది ఒక్క గంట. ఆ లెక్కన 200 గంటలు పూర్తవడానికి దాదాపు ఏడు నెలలు పట్టాలి. కానీ నాకు జ్వరం వచ్చిన ఒక రాత్రి అతను జీతం కోతకు సిద్ధపడి పని మానేసి, తడిగుడ్డ మారుస్తూ నా పక్కనే కూర్చున్నాడు. ఆ రాత్రిని ఎన్ని గంటలుగా లెక్కించాలో నేను చెప్పలేను.

తరవాత అతని కుటుంబం వచ్చింది, వేరే ఇల్లు తీసుకున్నాడు. అతను దూరమయ్యాడని నేను నొచ్చుకుని ఫోన్లు తగ్గించాను. పసిబిడ్డతో, షిఫ్టులతో సతమతమవుతున్న మనిషికి నేనే కబురు పెట్టి ఉండవలసింది. ఆ తప్పు నాదేనని ఇప్పటికీ అనుకుంటాను. అంతలో అతని కాంట్రాక్టు ముగిసింది, పొడిగించలేదు. వీసా గడువుతో పాటే ప్రయాణం ఖాయమైంది. మేము గొడవ పడలేదు, తలుపులు వేసుకోలేదు. వెళ్లాక మొదట్లో వారానికొకసారి మాట్లాడుకునేవాళ్లం. నేను చెప్పే మనుషులు అతనికి తెలియనివారయ్యారు, అతను చెప్పే ఇబ్బందులు నా చేతికి అందనివయ్యాయి. నాకు తీరిక దొరికే వేళకు అక్కడ అర్ధరాత్రి.

ఈ ఏడాది కాగితాలు మళ్లీ నింపమన్నారు. పాత గడిలో అతని పేరు, ఎప్పుడో ఆగిపోయిన ఇక్కడి నంబరు అలాగే ఉన్నాయి. ఆ పేరు కొట్టివేయడానికి నాకు రెండు రోజులు పట్టింది. చివరికి, మూడు నెలల క్రితం చేరిన ఒక సహోద్యోగి దగ్గరికి వెళ్లి, మొహమాటపడుతూనే అడిగాను. అతను కాగితం అందుకుని, నేను రాసిన నంబరును అంకె అంకెగా సరిచూసి, తన సంచిలోంచి అలాంటిదే మరో కాగితం తీశాడు. అందులో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.