మనం సరేనన్న హింస

వితర్కా హింసాదయః కృతకారితానుమోదితా
లోభక్రోధమోహపూర్వకా మృదుమధ్యాధిమాత్రా
దుఃఖాజ్ఞానానంతఫలా ఇతి ప్రతిపక్షభావనమ్
(పతంజలి యోగసూత్రాలు, సాధనపాదం, 34)

అహింస అనగానే చాలామందికి దీని తర్వాతి సూత్రం గుర్తొస్తుంది. అహింసలో స్థిరపడినవాడి సన్నిధిలో వైరం తొలగిపోతుందని చెప్పే ఆ మాట వినడానికి హాయిగా ఉంటుంది. సాధకుడికి పని పెట్టేది మాత్రం ఈ 34వ సూత్రమే.

మనం చేసినది, ఇంకొకరి చేత చేయించినది, ఎవరో చేస్తుంటే సరేనన్నది. మూడూ హింసే అంటాడు పతంజలి. మొదటి రెండూ మనవి కావని ధైర్యంగా అనుకుంటాం. ఎవరినీ కొట్టం, కొట్టించం. దొరికిపోయేది మూడోదాని దగ్గర. ఒక మనిషిని నలుగురు కలిసి అవమానిస్తుంటే వాళ్లతోపాటు నవ్వేస్తాం. ఒక వర్గం మీద ద్వేషం రేపే వీడియో వస్తే నిజమో కాదో చూడకుండా ఫార్వర్డ్ చేస్తాం. బలవంతుడి దౌర్జన్యం కళ్లెదుటే జరుగుతున్నా ‘మనకెందుకులే’ అని పక్కకు తప్పుకుంటాం. చెయ్యి ఎత్తలేదు, నోరు పారేసుకోలేదు, అయినా ఆ హింసకు మన అండ దొరికింది.

హింసకు మూలాలు లోభం, క్రోధం, మోహం అని కూడా సూత్రం అంటుంది. ఈ సూత్రాలకు వ్యాసుడు రాసిన వివరణ, వ్యాసభాష్యం, ఇంకా లోతుకు వెళ్తుంది. లోభంతో చేసే హింస మాంసం కోసం, చర్మం కోసం. క్రోధంతో చేసేది ‘వీడు నాకు అపకారం చేశాడు’ అని. మరి మోహంతో, అంటే భ్రమతో చేసేది? ‘దీనివల్ల నాకు ధర్మం కలుగుతుంది’ అని! ఈ వాక్యం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. పుణ్యం వస్తుందనుకుని చేసే హింసను ఆయన మోహం కిందే కట్టాడు. ధర్మం పేరు చెప్పి మనసులో కోపం పెంచుకునే ప్రతి ఒక్కరూ దీన్ని మళ్లీ మళ్లీ చదువుకోవాలి. హింసలో 81 భేదాలని లెక్కగట్టి, నిజానికి అవి అసంఖ్యాకమని కూడా అంటాడు.

1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో గుంపు పోలీస్ స్టేషన్‌కు నిప్పు పెట్టింది. లోపలున్న పోలీసులు చనిపోయారు. గాంధీజీ ఆ పని చేయలేదు, చేయించలేదు. సరే అనడానికీ ఆయన మనసు ఒప్పుకోలేదు. దేశమంతా ఊపు మీదున్న సహాయ నిరాకరణోద్యమాన్ని ఆపేసి, 5 రోజులు ఉపవాసం చేశారు. సహచరుల్లో చాలామందికి ఆ నిర్ణయం మింగుడుపడలేదు. రాజకీయంగా అది తప్పా ఒప్పా అని ఇప్పటికీ వాదించుకోవచ్చు. సాధనగా చూస్తే మాత్రం ఈ సూత్రానికి అంతకన్నా సూటి ఉదాహరణ నాకు కనిపించదు.

ఒప్పుకోలును వెనక్కి తీసుకుంటే సమాజం కూడా మారుతుంది. అమెరికాలోని మాంట్‌గోమరీలో నల్లజాతివారు బస్సులో తెల్లవారి కోసం సీటు వదిలి లేవాల్సి వచ్చేది. 1955 డిసెంబరులో వాళ్లు బస్సులెక్కడం మానేశారు. 381 రోజులు నడిచారు, ఉన్న కార్లలో సర్దుకున్నారు. ఒక్క బస్సు అద్దం పగలగొట్టమని వాళ్ల నాయకులెవరూ చెప్పలేదు. మధ్యలో ఆ ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు పడింది. భార్య, పసిబిడ్డ లోపలే ఉన్నారు. కోపంతో ఇంటి ముందు చేరిన జనాన్ని ఆయన శాంతపరిచి, ఆయుధాలతో వచ్చినవాళ్లను ఇళ్లకు పంపేశారు. చివరికి కోర్టు తీర్పుతో బస్సుల్లో ఆ జాతి విభజన రద్దయింది.

అంత నిగ్రహం ఒక్కసారిగా రాదు. దానికి పతంజలి చెప్పిన అభ్యాసం ప్రతిపక్షభావన, అంటే చెడు తలపుకు ఎదురు తలపును నిలపడం. హింస తలపుకు రాగానే దాని ఫలం అంతులేని దుఃఖం, అజ్ఞానమని గుర్తు చేసుకోవాలి. ‘సర్వప్రాణులకూ అభయమిచ్చి యోగాన్ని శరణు పొందినవాణ్ణి, విడిచిపెట్టినదాన్ని మళ్లీ పట్టుకుంటానా?’ అని తనను తాను అడగమంటుంది భాష్యం. అభయమివ్వడమంటే ఒకరి భయాన్ని పోగొట్టడం. మూల కూర్చుని కళ్లు మూసుకుంటే అది పూర్తి కాదు, భయపడుతున్న మనిషి పక్కకు వెళ్లి నిలబడాలి.

రాత్రి పడుకునే ముందు ఆ రోజును ఈ మూడు ప్రశ్నలతో చూసుకోవచ్చు. ఏం చేశాను, ఏం చేయించాను, దేనికి సరేనన్నాను? మూడో ప్రశ్నకు జవాబు దొరికితే మర్నాడు చేయాల్సిన పని కూడా తెలుస్తుంది. పంపిన మెసేజ్ తప్పని అదే గ్రూపులో చెప్పడం, అవమానపడిన మనిషిని వెళ్లి పలకరించడం, దౌర్జన్యం చేసినవాడితో ఇది సరికాదని ఎదురుగా అనడం. ఆ అనడంలోనూ ఉద్వేగం కలిగించని, సత్యమైన, ప్రియమైన, హితమైన వాక్కు ఉండాలని గీత 17వ అధ్యాయం చెబుతోంది. దాన్ని వాఙ్మయ తపస్సు, అంటే మాటతో చేసే తపస్సు అంది.