హన్నమ్‌దోంగ్‌లో అద్దె ఇల్లు, డిపాజిట్ కాపాడుకున్న తీరు

సియోల్‌లో అద్దె ఇల్లు చూసుకునేవాళ్లు అద్దె కన్నా ముందు డిపాజిట్ సంగతి తేల్చుకోవాలి. ఇక్కడికి వచ్చే మనవాళ్లు చాలామంది దీని గురించి అడుగుతుంటారు కాబట్టి మాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆఫీసు గంగ్నమ్‌లో. ఇల్లు మాత్రం నదికి ఇవతల హన్నమ్‌దోంగ్‌లో చూసుకున్నాం. నంసాన్ కొండకూ హాన్ నదికీ మధ్య ఏటవాలుగా ఉండే పేట. మన రాయబార కార్యాలయం ఇక్కడే, ఇంకా చాలా దేశాలవీ ఇక్కడే. 1976లో తెరిచిన సెంట్రల్ మసీదు దగ్గరి సందుల్లో కందిపప్పు, మసాలాలు దొరుకుతాయి. పిల్లలున్న ఇంటికి అదే పెద్ద ధైర్యం. హన్నమ్ ద హిల్, నైన్ వన్ హన్నమ్ లాంటి ఖరీదైన అపార్ట్‌మెంట్ల వైపు మేం చూడనే లేదు. వెనక వీధుల్లో విల్లా అని పిలిచే నాలుగైదంతస్తుల చిన్న భవనాలే మాకు అందుబాటులో ఉన్నాయి.

బుదోంగ్సాన్, అంటే బ్రోకర్ ఆఫీసు, వీధికొకటి ఉంటుంది. విదేశీ భాషలు వచ్చినవాళ్లకు సియోల్ నగరపాలక సంస్థ గ్లోబల్ అని గుర్తింపు ఇస్తుంది. మేం అలాంటి చోటికే వెళ్లాం. అక్కడి బ్రోకర్ ఆవిడ మూడు పద్ధతులు చెప్పారు. జొన్సే అయితే ఇంటి విలువలో సగానికి పైగా కూడా డిపాజిట్ కట్టాల్సి రావచ్చు, నెల అద్దె ఉండదు. వొల్సే అంటే కొంత డిపాజిట్, నెలనెలా అద్దె. ఏడాది అద్దె అంతా ముందే చెల్లించే పద్ధతి కూడా ఉంది, ఈ పేటలో విదేశీయులకు అది అలవాటే. మేం వొల్సేకే మొగ్గాం. డిపాజిట్ 5 కోట్ల వాన్లు (వాన్ అంటే కొరియా కరెన్సీ), మన లెక్కలో దాదాపు 30 లక్షల రూపాయలు. అంత సొమ్ము ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో పెడుతున్నాం.

అందుకే ఇల్లు నచ్చగానే తుంగీబు అడిగాను. ఇంటి రిజిస్ట్రేషన్ రికార్డు అది, మన ఈసీ లాంటిది. ఆన్‌లైన్‌లో 700 వాన్లు కడితే ఎవరైనా చూడొచ్చు. మొదటి భాగంలో ఇంటి చిరునామా, కొలతలు, రెండో దాంట్లో యజమాని, మూడో దాంట్లో తనఖాలు ఉంటాయి. మొదట నచ్చిన ఇంటి మీద బ్యాంకు తనఖా భారీగా ఉంది. "అందరికీ ఉంటుందిలెండి" అన్నారు ఇల్లు చూపించినాయన. ఇల్లు వేలానికి వెళ్తే సాధారణంగా బ్యాంకు తీసుకోగా మిగిలిందే మనది. ఎండ బాగా పడే ఇల్లే, మా ఆవిడకు ఎంతో నచ్చింది. అయినా వదిలేశాం.

రెండో ఇంటికి తనఖా లేదు. పదో వంతు అడ్వాన్సు ఇచ్చి ఒప్పందం రాసుకున్నాం. అందులో ఒక షరతు పట్టుబట్టి రాయించాను: మేం దిగిన మర్నాటి దాకా యజమాని ఇంటి మీద కొత్త అప్పు తీసుకోకూడదు. ఇది చాలా ముఖ్యం. ఇంట్లో చేరి చిరునామా నమోదు చేయించినా చట్టరక్షణ మొదలయ్యేది ఆ అర్ధరాత్రి దాటాకే. తనఖా మాత్రం నమోదైన రోజు నుంచే చెల్లుతుంది. ఆ ఒక్క రోజు సందులో మోసపోయినవాళ్లు ఉన్నారు.

మిగతా సొమ్ము పంపేరోజు పొద్దున తుంగీబు మళ్లీ తీసి చూశాం. సామాన్లు దింపగానే పేట ఆఫీసుకు వెళ్లి చిరునామా మార్పు నమోదు చేయించాం, ఒప్పందం మీద తేదీ ముద్ర వేయించాం. ముద్రకు 600 వాన్లు. విదేశీయులకు చిరునామా మార్పు నమోదే స్థానికుల నివాస నమోదుతో సమానం, అద్దెదారు రక్షణ చట్టం మనకూ వర్తిస్తుంది. ఆ కౌంటర్ దగ్గర నిలబడి ఆ మాట విన్నప్పుడు నాకు నిజంగా గుండె నిబ్బరం కలిగింది. భార్యాపిల్లల చిరునామాలు కూడా అప్పుడే మార్పించండి, గడువు 15 రోజులు, అది దాటనివ్వకండి.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ చేతికి రాకుండా చిరునామా మార్చకండి. మారిస్తే ఈ రక్షణ పోతుంది. ఒప్పందం గడువు ముగిసినా యజమాని సొమ్ము ఇవ్వకపోతే, మీరు వెళ్లక తప్పని పరిస్థితి ఉంటే, ముందు కోర్టులో దరఖాస్తు పెట్టి మీ అద్దె హక్కును తుంగీబులో ఎక్కించుకోవచ్చు. అది ఎక్కిందని కళ్లారా చూసుకున్నాకే సామాన్లు కదపండి.