చపాతీలు లెక్కపెట్టకండి, పిండి తూయండి

షుగర్ ఉన్నవాళ్లను రాత్రి ఏం తిన్నారని అడిగితే "రెండే చపాతీలు" అంటారు. ఆ రెండూ ఎంత పిండితో చేసినవన్నదే అసలు సంగతి. 30 గ్రాముల గోధుమపిండితో ఒత్తిన చపాతీలో దాదాపు 20 గ్రాముల పిండిపదార్థం (కార్బోహైడ్రేట్, అంటే అరిగాక రక్తంలో షుగర్‌గా మారేది) ఉంటుంది. 50 గ్రాములతో ఒత్తితే అది 33 దాటుతుంది. అంటే ఒక ఇంటి రెండు చపాతీలు మరో ఇంటి మూడింటి కంటే ఎక్కువే. వండిన అన్నం 150 గ్రాముల్లో పిండిపదార్థం 40 గ్రాముల పైచిలుకు ఉంటుంది. చిన్న చపాతీలు రెండు తిన్నా ఇంచుమించు అంతే. అందుకే అన్నం మానేసి చపాతీలకు మారినంత మాత్రాన షుగర్ దిగదు.

కలిపిన పిండి ఉండను తూకం వేయండి. 50 గ్రాములు తూగితే అందులో పొడి పిండి సుమారు 30 గ్రాములు, మిగతాది నీళ్లు. ఒక వారం తూస్తే తర్వాత చేతికే అంచనా తెలిసిపోతుంది. పిండిని జల్లెడ పట్టి పొట్టు పారేయకండి, గోధుమలో పీచు ఎక్కువగా ఉండేది అందులోనే.

జొన్నరొట్టె విషయంలో చాలామంది పొరబడతారు. జొన్నపిండిలో పిండిపదార్థం గోధుమపిండి కంటే చెప్పుకోదగ్గంత తక్కువేమీ కాదు. పైగా జొన్నలో గ్లూటెన్ (గోధుమపిండికి సాగే గుణం ఇచ్చే ప్రోటీన్) ఉండదు కాబట్టి పిండి సాగదు. వేడినీళ్లతో కలిపి చేత్తో తట్టాలి, పలచగా చేస్తే విరుగుతుంది. అలా మందంగా తట్టిన ఒక్క రొట్టెకే 60 గ్రాముల పిండి పట్టేస్తుంది. ఒక్కటే తిన్నామనుకుంటాం, తిన్నది రెండు చపాతీలంత. జొన్నరొట్టె మంచిదే, కానీ దాన్నీ తూచే తినాలి. గోధుమపిండిలో నాలుగో వంతు శనగపిండి కలిపితే ప్రోటీన్, పీచు కొంత పెరుగుతాయి. మూడో వంతు దాటితే మాత్రం ఒత్తేటప్పుడు అంచులు చీలిపోతాయి.

ఇక పళ్లెం. సగం కూరగాయలు ఉండాలి: ఆకుకూర, బీర, సొర, బెండ, క్యాబేజీ, ఏదైనా సరే, వండాక 200 గ్రాముల దాకా. బంగాళాదుంప కూరను ఈ సగంలో కలపకూడదు. 100 గ్రాముల ఉడికిన దుంపలో 17 నుంచి 20 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, అంటే చపాతీలో ఇంకో చపాతీ చుట్టుకుని తిన్నట్టే. దుంపకూర తినాలనిపించిన రోజు ఒక చపాతీ తగ్గించుకోండి.

పప్పును ఒట్టి ప్రోటీన్ అనుకోవడం ఇంకో పొరపాటు. 30 గ్రాముల కందిపప్పు వండితే ప్రోటీన్ 7 గ్రాముల లోపే వస్తుంది, దానితోపాటు పిండిపదార్థం 18 గ్రాముల దాకా వస్తుంది. పీచు ఉండడం వల్ల అది నెమ్మదిగానే అరుగుతుంది, అయినా లెక్కలోకి తీసుకోవాలి. చిన్న చపాతీలు రెండింటిలో 6 నుంచి 7 గ్రాములు, పప్పులో 7, ఒక గుడ్డులో 6 కలిపితే భోజనానికి 20 గ్రాముల ప్రోటీన్ సమకూరుతుంది. గుడ్డు తిననివాళ్లకు 50 గ్రాముల పనీర్ అంతకంటే కాస్త ఎక్కువే ఇస్తుంది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన ప్రోటీన్ పరిమితిలోనే ఉండాలి.

తినే వరుస కూడా ముఖ్యమే, పైగా దీనికి ఖర్చేమీ లేదు. ముందు కూర సగం, గుడ్డో పనీరో తినేసి, ఆ తర్వాత చపాతీ తుంచండి. అవే పదార్థాలు, అంతే కొలత, అయినా షుగర్ పెరుగుదల తక్కువగా ఉంటుంది. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిస్తే ఇంకా మేలు.

మందులు వాడేవాళ్లకు ఒక జాగ్రత్త. ఇన్సులిన్‌ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడుతూ, డోసు అలాగే ఉంచి నాలుగు చపాతీల నుంచి ఒక్కసారిగా రెండుకు దిగితే షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. వణుకు, చెమట, గుండెదడ మొదలైతే వెంటనే 15 గ్రాముల చక్కెర, అంటే మూడు నాలుగు చెంచాలు, నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. అందుకే చపాతీలు తగ్గించే ముందే డాక్టరుతో డోసు సంగతి మాట్లాడండి.

మీ పళ్లెం మీకు సరిపడుతోందో లేదో గ్లూకోమీటరే చెప్పాలి. తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు ఒకసారి చూడండి. సాధారణంగా రెండోది 180 లోపు ఉండాలంటారు. గర్భిణులకు ఆ హద్దు 120. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. పిండి, కూర, వరుస మూడూ ఒకేరోజు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. నూనె ఎక్కువ పోసి కాల్చిన పరాటా తిన్న రోజు రెండు గంటల రీడింగ్ చూసి నిశ్చింతగా ఉండకండి. కొవ్వు అరుగుదలను ఆలస్యం చేస్తుంది, షుగర్ మూడు నాలుగు గంటలకు పెరగొచ్చు. ఆ రోజు నాలుగో గంటలో కూడా ఒకసారి చూసుకోండి.