హోయ్ ఆన్‌లో కుట్టించుకున్న ఆవో జాయ్

వియత్నాంలోని హోయ్ ఆన్ పాత పేటలో ఎటు తిరిగినా టైలర్ షాపులే. ఇవాళ కొలతలిస్తే రేపు సాయంత్రానికి బట్టలు చేతిలో పెడతామంటారు. దసరాకి నెల ముందు జాకెట్టు గుడ్డ ఇచ్చి, పండగ ముందురోజు దాకా టైలర్ చుట్టూ తిరిగే వదినకీ నాకూ అది నమ్మబుద్ధి కాలేదు.

ఆవో జాయ్ అంటే వియత్నాం వాళ్ల సంప్రదాయ దుస్తులు. చూడ్డానికి మన చుడీదార్ లాగే ఉంటుంది. పొడుగాటి టాప్, కింద వదులు ప్యాంటు. కానీ పక్కల చీలిక నడుం పైదాకా పోతుంది, ప్యాంటు అంచు దగ్గర రవ్వంత ఒళ్లు కనిపిస్తుంది. వదిన అక్కడే ఆగిపోయింది. షాపామె నవ్వి, ఇప్పటి కుర్రపిల్లలు వేసుకునే 'కాక్ తన్' రకం చూపించింది. అంటే కొత్తగా మార్చినది. మోకాళ్ల దాకా పొట్టిగా, మెడ గుండ్రంగా, ఒంటికి అతుక్కోకుండా ఉంది.

మార్పులు వీళ్లకి కొత్తేం కాదు. ముందువారం సైగాన్‌లో ఆవో జాయ్ మ్యూజియం చూశాం. డిజైనర్ సీ హోవాంగ్ 2014లో తెరిచాడు. పాతకాలపు అంగీ అయిదు ముక్కలతో, వదులుగా ఉండేదట. 1930ల్లో హనోయ్ చిత్రకారుడు న్గుయెన్ కాత్ తూంగ్ దాన్ని ఒంటికి తగ్గట్టు సన్నం చేసి, బుట్ట చేతులు కూడా పెట్టాడు. తూంగ్ అంటే గోడ. ఫ్రెంచిలో గోడని 'ల మ్యూర్' అంటారు కాబట్టి తన డిజైన్లకి 'లెమ్యూర్' అని పేరు పెట్టుకున్నాడు. ఆ తెలివికి నాకు భలే ముచ్చటేసింది.

నాకు మాత్రం పాత పద్ధతి నిలువు కాలరే కావాలనిపించింది. ట్రయల్‌కి వెళ్తే షాపామె చెయ్యి పైకెత్తమంది. చంకలో ఒక్క ముడత లేదు! కుట్టు భుజం మీద కాకుండా మెడ నుంచి చంకకి ఏటవాలుగా దిగింది. టిచ్ బటన్లు కూడా ఆ కుట్టు వెంటే. రాగ్లాన్ చేతులంటారు, సైగాన్ దర్జీలు 1960ల నాటికే ఇలా కుట్టేవారట.

కాలర్ దగ్గరే దెబ్బ తిన్నాను. ఆ రాత్రి అది వేసుకుని కావ్ లావ్ నూడుల్స్ తినబోతే ముద్ద దిగదే! వదిన పొట్టి టాప్‌లో హాయిగా రెండో గిన్నె చెప్పింది. పొద్దున్నే పరిగెత్తుకెళ్తే షాపామె అరంగుళం వదులు చేసి ఇచ్చింది, పైసా తీసుకోలేదు.

ఇంటికొచ్చాక మా టైలర్‌కి చూపించాను. తిరగేసి, ఆ ఏటవాలు కుట్టు మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

"రెండ్రోజులు నా దగ్గరుంచండమ్మా" అన్నాడు. మూడు వారాలైంది, ఇంకా అక్కడే ఉంది.