గేట్ ప్రిపరేషన్: సెలెక్టివ్ రిపీట్ బుర్రకెక్కిన రోజు

గేట్ కంప్యూటర్ సైన్స్ మొదటిసారి రాసినప్పుడు నెట్‌వర్క్స్‌లో నేను ఫార్ములాలనే నమ్ముకున్నాను. ద్వారకానగర్ లైబ్రరీలో కూర్చుని డేటా ముక్కల్ని (ఫ్రేమ్‌లని) పోకుండా అవతలికి చేర్చే పద్ధతులు స్టాప్ అండ్ వెయిట్, గో బ్యాక్ ఎన్, సెలెక్టివ్ రిపీట్ మూడింటినీ ఒకే పేజీలో రాసుకుని బట్టీ పట్టాను. మాక్ టెస్టులో "ఈ లింకుకి ఏది నప్పుతుంది" అని కాస్త తిప్పి అడిగేసరికి చేతులెత్తేశాను.

స్టాప్ అండ్ వెయిట్ అంటే ఒక ఫ్రేమ్ పంపి, అందిందన్న జవాబు (అక్నాలెడ్జ్‌మెంట్) వచ్చాకే రెండోది పంపడం. రైల్వేలో చేసే మా మావయ్యకి ఇది చెబితే నవ్వాడు. "కిరండూల్ గనుల నుంచి ఒక్క వ్యాగన్ ఖనిజం పంపి, అది పోర్టులో దింపుకుని తిరిగొచ్చేదాకా రెండోది కదపకపోతే ఇక ఆ లైన్ ఎందుకురా?" అన్నాడు.

ఆ రాత్రే లెక్క వేశాను. 600 కిలోమీటర్ల ఫైబర్ అనుకోండి. ఫైబర్‌లో సిగ్నల్ సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి రానుపోను 6 మిల్లీసెకన్లు. 1 గిగాబిట్ లింకు మీద 1000 బైట్ల ఫ్రేమ్ పంపడానికి పట్టేది 8 మైక్రోసెకన్లే. 8 పని, 6000 ఎదురుచూపు! లింకులో 751వ వంతే వాడుతున్నామన్నమాట. స్పీడు 10 గిగాబిట్లకి పెంచితే ఈ వంతు ఇంకా పడిపోతుంది, ఎదురుచూపు మాత్రం తగ్గదు.

లింకు నిండాలంటే విండో, అంటే జవాబు కోసం ఆగకుండా వరసగా పంపగల ఫ్రేమ్‌ల సంఖ్య, 751 ఉండాలి. ఫ్రేమ్‌లని గుర్తుపట్టడానికి గో బ్యాక్ ఎన్‌కి విండో కన్నా ఒకటి ఎక్కువగా 752 వరస నంబర్లు, అంటే 10 బిట్లు చాలు. కానీ ఒక్క ఫ్రేమ్ పోతే దాని వెనకాల పంపినవన్నీ మళ్లీ పంపాలి. సెలెక్టివ్ రిపీట్ పోయినదాన్నే పంపుతుంది. బదులుగా రిసీవర్ దగ్గర ముందే వచ్చిన ఫ్రేమ్‌లని దాచుకునే బఫర్ కావాలి, విండోకి రెట్టింపుగా 1502 నంబర్లు కావాలి, అంటే 11 బిట్లు. దూరం, వేగం, ఎర్రర్లు మూడూ ఎక్కువైతే నా ఓటు దీనికే. ఎర్రర్లు అరుదైన చిన్న లింకుకి ఈ హంగామా దండగ. మామూలు ఈథర్నెట్ (కేబుల్ నెట్‌వర్క్) అయితే చెడిన ఫ్రేమ్‌ని పారేసి ఊరుకుంటుంది, మళ్లీ పంపించే బాధ దాని పై స్థాయిలో పనిచేసే టీసీపీది. గాలిలో నడిచే వైఫై అలా ఊరుకోలేదు, అక్నాలెడ్జ్‌మెంట్ అడుగుతుంది.

నంబర్లు విండోకి రెట్టింపు ఎందుకో పేకముక్కలతో గానీ తెలియలేదు. ముక్కల మీద 0, 1, 2, 3 రాసి, విండో 3 పెట్టుకుని రూమ్మేట్‌కి 0, 1, 2 ఇచ్చాను. వాడు మూడూ అందుకుని, తర్వాత రావాల్సిన 3, 0, 1 కోసం చెయ్యి చాపాడు. వాడి జవాబులన్నీ దారిలో పోయాయనుకుని నేను పాత 0 మళ్లీ ఇచ్చాను. కొత్తదనుకుని లోపల పెట్టేసుకున్నాడు! విండో 2కి తగ్గించాక ఆ తికమక పోయింది.

గేట్‌లో ఇలాంటివి ఎక్కువగా న్యూమరికల్ ఆన్సర్ (జవాబుగా సంఖ్య టైపు చేసే) ప్రశ్నలుగా వస్తాయి. నెగెటివ్ మార్కులుండవు కాబట్టి వదలకండి. మిల్లీ, మైక్రో కలిపేయడమే పెద్ద గండం. ఇంత తెలిశాక కూడా తర్వాతి మాక్‌లో 11కి బదులు 10 వేసి వచ్చాను. అప్పట్నుంచి రఫ్ పేపర్ మీద ముందు "రెట్టింపు" అని రాసుకున్నాకే లెక్క మొదలుపెట్టేవాణ్ని.